ఇసుక మీద ఎర్రమట్టి దుప్పటి ఎందుకు దుల్హాభాయ్?

మొన్న జుమ్మా నమాజు అయ్యాక చీరాలలో వాడరేవు ఆటో ఎక్కాను. ఆపా వాళ్ళింట్లో దావత్. సముద్రానికి దగ్గరగా ఇల్లు కట్టుకుని మూడేళ్ళయింది వాళ్ళు. గేటు దగ్గరికి వెళ్ళేసరికి లారీ అడ్డంగా ఉంది. లారీ నిండా ఎర్రమట్టి. నలుగురు కూలీలు తట్టలతో మోసి ఇంటి ముందు ఇసుక మీద పరుస్తున్నారు. ఇది మొదటిసారి కాదు. ఆ ఇంటి ముందు పచ్చగడ్డి పెంచాలనే షౌఖ్‌తో దుల్హాభాయ్ చేస్తున్న మూడో దండయాత్ర.

మొదటి ఏడాది ఇసుకను చదును చేయించి, దాని మీద కార్పెట్ గడ్డి పలకలు పరిపించి, యూరియా చల్లించారు. రెండు నెలలు జన్నత్‌లా ఉంది. ఎండాకాలం వచ్చేసరికి చాపలా ఎండిపోయింది. రెండో ఏడాది నాలుగంగుళాల ఎర్రమట్టి పోయించి, దాని మీద మళ్ళీ కొత్త గడ్డి పరిపించారు. బోరు వేయించి స్ప్రింక్లర్లు బిగించారు. అది వానల్లో కుళ్ళింది, ఎండల్లో నెర్రెలిచ్చింది. ఇప్పుడు మూడోసారి ఇంకా మందంగా మట్టి, దానికి తోడు జిప్సం బస్తాలు.

నన్ను చూసి దుల్హాభాయ్ అన్నారు: "ఇది మన్హూస్ జమీన్ తమ్ముడూ. ఎంత పోసినా మింగేస్తుంది. గడ్డిపోచ కూడా నిలవని నేల కొన్నాను."

మన్హూస్ అనే ఆ మాట దగ్గరే నా మనసు విరిగింది. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని బహస్ పెట్టుకోవడం తమీజ్ కాదు, పైగా ఆపా బిర్యానీ వడ్డిస్తోంది. అందుకే ఆ రోజు నోరు మూసుకున్నాను. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. దుల్హాభాయ్ చదువుతారని తెలుసు. ఆయనలాగా హైదరాబాదు నుంచీ గుంటూరు నుంచీ వచ్చి తీరంలో ఇళ్ళు కడుతున్న మిగతా సాహెబులు కూడా చదవాలి.

ముందుగా ఆ మాట వాపసు తీసుకోండి. ఈ ఇసుక మన్హూస్ కాదు. బాపట్ల నుంచి చీరాల, వేటపాలెం దాకా పరుచుకున్న ఈ ఇసుక నేలలు తరతరాలుగా జనానికి అన్నం పెట్టాయి. వేరుశనగ పండింది ఇందులోనే. జీడిమామిడి, సరుగుడు, తాడి పెరిగింది ఇందులోనే. మా నానా కౌలుకి చేసిన తోట కూడా ఇలాంటి ఇసుకే. తోటకూర, గోంగూర, వంగ, మిరపనారు అన్నీ వేసేవాడు. దానికి ఆయన లారీల్లో మట్టి తేలేదు. దొరువు తవ్వుకున్నాడు.

దొరువంటే తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఇసుకలో గరాటు ఆకారంలో, పైన వెడల్పుగా కింద ఇరుకుగా తవ్విన గుంట అది. కొద్ది లోతులోనే తియ్యటి నీళ్ళు ఊరతాయి. మనిషి కావిడికి రెండు కుండలు తగిలించుకుని దొరువులోకి దిగి, నింపుకుని, పైకొచ్చి, మొక్కమొక్కకీ పోస్తాడు. అమ్మీ ఇప్పటికీ చెబుతుంది, నానా భుజం మీద కావిడి కాయ గట్టిపడి రాయిలా ఉండేదని. ఆ మెహనత్‌ని నేను రొమాన్స్ చెయ్యడం లేదు. అలా నీళ్ళు మొయ్యమని ఎవరికీ చెప్పను. కానీ ఆ మనిషికి ఈ నేల గురించి తెలిసిన ఇల్మ్, లారీ మట్టి అమ్మిన కాంట్రాక్టరుకి లేదు. ఏడాదికోసారి పశువుల ఎరువు, మేకల పెంట, ఆకుచెత్త ఇసుకలో కలపకుండా ఆయన విత్తనం వేసేవాడు కాదు. "ఇసుకకి ఆకలెక్కువరా, తిండి పెట్టకుండా పని అడక్కూడదు" అనేవాడట.

నానా ఆ ఒక్క మాటలో చెప్పింది, మట్టి సైన్సు కాస్త పొడుగ్గా చెబుతుంది. ఇసుక రేణువు పెద్దది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది. రేణువు పెద్దదయ్యేకొద్దీ వాటి మధ్య సందులు పెద్దవవుతాయి, నీరు ఆగకుండా జారిపోతుంది. పోషకాలను పట్టుకునే శక్తి ఇసుక రేణువుకి దాదాపు ఉండదు. అందుకే మీరు గుప్పెళ్ళతో చల్లిన యూరియా వారంలో నైట్రేటుగా మారి, నీళ్ళతో పాటు వేళ్ళను దాటి కిందికి దిగిపోయింది. గడ్డి తిన్నది కొంచెమే. మిగతాది ఎక్కడికి పోయిందంటారా? మీరూ మీ పొరుగువాళ్ళూ తోడుకునే నీళ్ళలోకే.

ఇసుకలో ఆ లోటు తీర్చేది కుళ్ళిన సేంద్రియ పదార్థం. అది స్పాంజిలా నీటిని పట్టుకుంటుంది, పోషకాలను తన దగ్గర ఉంచుకుని వేళ్ళకు మెల్లగా ఇస్తుంది. మన భూసార పరీక్షల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే 'తక్కువ' అని రాస్తారు, 0.75 దాటితే 'ఎక్కువ' అని. తీరపు ఇసుకలు ఆ మొదటి గీతకు చాలా కిందే ఉంటాయి. ఈ నేలకి ఉన్న బీమారీ అదొక్కటే. దానికి దవా ఎర్రమట్టి కాదు.

ఎర్రమట్టి ఎందుకు పనిచెయ్యలేదో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అందరూ ధోకా తింటున్నారు. "ఇసుకలో నీళ్ళు నిలవవు, కాబట్టి పైన నీళ్ళు నిలిచే మట్టి పోద్దాం" అనుకోవడం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సన్న మట్టిని ముతక ఇసుక మీద పొరగా పరిస్తే, నీళ్ళు ఆ పొర అడుగున ఆగిపోతాయి. పై మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా కింది ఇసుకలోకి దిగవు. వానాకాలంలో గడ్డివేళ్ళు బురదలో ఊపిరాడక కుళ్ళేది అందుకే. వేళ్ళు కూడా ఆ నాలుగంగుళాల్లోనే తిరుగుతాయి, కిందికి పోవు. ఏప్రిల్ ఎండకి ఆ నాలుగంగుళాలూ కాల్చిన ఇటుకలా గట్టిపడితే గడ్డికి ఇక దారి లేదు. దుల్హాభాయ్, మీ గడ్డి చచ్చింది ఇసుక వల్ల కాదు. మీరు ఇసుక మీద కప్పిన దుప్పటి వల్ల.

ఇప్పుడు ఆ దుప్పటి మందం పెంచుతున్నారు.

జిప్సం సంగతీ చెప్పేస్తాను. జిప్సం మంచి దవాయే, కానీ వేరే రోగానికి. సోడియం పేరుకుని గట్టిపడ్డ చౌడు బంకనేలలకి అది పనికొస్తుంది. సోడియాన్ని కాల్షియం తప్పిస్తుంది, మట్టి గుల్లబారుతుంది. అసలు బంకే లేని ఇసుకలో అది గుల్లబరిచేది ఏముంది? పరీక్ష చేయించకుండా బస్తాలు కొనడమంటే, నాడి చూడకుండా హకీం గోళీలు ఇవ్వడమే.

200 గజాల జాగాలో నాలుగంగుళాల మందాన మట్టి పోస్తే 600 ఘనపుటడుగులు. అదేమీ ఆకాశం నుంచి రాలలేదు. ఎక్కడో పడమర ఒక గుట్ట తవ్వారు. అక్కడ మేకలు మేసే చెలక పోయింది. ఒకచోటి నేలని ఒలిచి ఇంకొకచోటి నేల మీద పారేసి, రెండూ పాడుచేసుకోవడాన్ని మా ఇంట్లో ఇస్రాఫ్ అంటారు. అవసరానికి మించిన వృథా. చేతిలో డబ్బుందని అది హలాల్ అయిపోదు.

ఇక అసలు గుస్సా వచ్చిన విషయం నీళ్ళు.

ఎండాకాలంలో గడ్డికి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్ళు అవసరమనుకోండి. చదరపు మీటరుకి 5 లీటర్లు. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. రోజుకి 800 లీటర్ల పైమాటే. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకి లెక్కగట్టింది 55 లీటర్లు. అంటే పదిహేను మంది తాగి, వండుకుని, కడుక్కునే నీళ్ళు ఒక ఇంటి ముందు గడ్డి తాగుతోంది. ఆ గడ్డి మీద ఎవరూ నడవరు కూడా. "నడిస్తే పాడవుతుంది" అని ఆపా పిల్లల్ని అరుస్తుంది.

తీరంలో బోరంటే మామూలు బోరు కాదు. ఇసుక కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలా. ఉప్పునీరు బరువు, తియ్యనీరు తేలిక. ఆ తూకంలో ఒక హిసాబ్ ఉంది: సముద్రమట్టానికి పైన ఒక అడుగు తియ్యనీరు నిలిచి ఉంటే, కింద దాదాపు 40 అడుగుల దాకా తియ్యనీరే ఉంటుంది. ఆ పై అడుగు తోడేస్తే, కింద ఉప్పు 40 అడుగులు పైకి వచ్చే దారి పట్టినట్టే. దొరువు లోతు తక్కువ, కాబట్టి మీగడ మాత్రమే తీసేది. బోరు లోతుకి పోయి మోటారుతో గుంజుతుంది, ఉప్పుని పైకి పిలుస్తుంది.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది. అక్కడి ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్ళు ఈ దొరువునే తీసుకుని మెరుగుపరిచారు. మధ్యలో ఒక నుయ్యి, దాని చుట్టూ తక్కువ లోతులో అడ్డంగా పాతిన చిల్లుల గొట్టాలు. పైపొర తియ్యనీరు మెల్లగా ఆ నూతిలోకి చేరుతుంది, చిన్న మోటారుతో తోడుకోవచ్చు. కావిడి మోత తప్పింది, ఉప్పు పైకి రాలేదు. నానా తెలివికి ప్రయోగశాల వేసిన ముద్ర అది. మనం పక్కనే ఉండి దాన్ని అడగం. స్ప్రింక్లరు అమ్మేవాణ్ణి అడుగుతాం.

ఆపా ఇంటి వెనకే బెస్తవాళ్ళ వీధి. అక్కడ ఒక చెల్లెమ్మ చేపలమ్ముతుంది, ఆపాకి దోస్తీ. మే నెలలో వాళ్ళ చేతిపంపు నీళ్ళు ఉప్పనైపోయాయి. "టీ పెడితే పాలు విరిగిపోతన్నాయి అక్కా" అంటూ ఆపా ఇంటికి బిందె పట్టుకుని వచ్చింది. ఆపా తన తాగే నీటి డబ్బా ఇచ్చింది, సరే. ఆ ఉప్పుకి దుల్హాభాయ్ బోరొక్కటే కారణమని నేను కసం తినలేను. ఆ వరసలో అలాంటి బోర్లు చాలా ఉన్నాయి. కానీ అన్ని బోర్లూ కలిసి తోడుతున్నది ఒకే మీగడని. బిందె పట్టుకుని నిలబడ్డ ఆ మనిషికి ఇంటి ముందు గిరగిర తిరుగుతున్న స్ప్రింక్లరు కనిపిస్తూనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె షరాఫత్. మనకి షరమ్ ఉండాలి కదా.

దుల్హాభాయ్ జవాబు నాకు ముందే తెలుసు. "నా జాగా, నా డబ్బు, నా బోరు." జాగా మీదే, కాదనను. ప్రహరీ గోడ నేల మీద కట్టారు. నేల కింద నీళ్ళకి ప్రహరీ లేదు. బీచ్ రిసార్టులకి 2011 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ పెట్టిన షరతుల్లోనే ఉంది: పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల భూగర్భజలం తోడకూడదు, 200 నుంచి 500 మీటర్ల మధ్య అయితే భూగర్భ జల బోర్డు సమ్మతి కావాలి. అది రిసార్టులకి రాసింది కదా అని మీరు తప్పించుకోవచ్చు. ఉప్పుకి ఆ కానూన్ తేడా తెలియదు.

అసలు ఈ షౌఖ్ ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి. కార్పెట్‌లా కత్తిరించిన గడ్డి మైదానం చల్లటి, ఎప్పుడూ చినుకు పడే ఇంగ్లండు దొరల భవంతులది. గడ్డి కోసే యంత్రం కనిపెట్టింది కూడా అక్కడే, 1830లో, ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన. మన తాజ్‌మహల్ ముందు చూసి మురిసిపోయే గడ్డి కూడా షాజహాన్ వేయించింది కాదు. ఆయన కాలంలో అది పళ్ళచెట్లు, పూలమొక్కలు నిండిన చార్‌బాగ్. దాన్ని కొట్టించి గడ్డి పరిపించింది కర్జన్ హయాం. గులామీ పోయినా గడ్డి పోలేదు.

అయితే గడ్డి వద్దని నేను అనడం లేదు. పిల్లలు దొర్లడానికి, సాయంత్రం చాప వేసుకుని కూర్చోవడానికి కాస్త పచ్చదనం కావాలి. ఆపాకి ఆ మజా దక్కాలి. 200 గజాలెందుకు? 400 చదరపు అడుగులు చాలు. మిగతా చోట ఇసుకని ఇసుకలా ఉండనివ్వండి. ఊదారంగు పూలతో గట్ల మీద పాకే సముద్రపు తీగ, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ళగడ్డి నీళ్ళడగకుండా ఇసుకని పట్టి ఉంచుతాయి. 2004 సునామీ చూసిన ఊరు ఇది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇసుకని కట్టేసే వేరు విలువ ఇక్కడ వేరేగా చెప్పాలా?

ఆ 400 అడుగులకి ఏం చెయ్యాలో వరసగా చెబుతాను. ఇందులో నా కమాల్ ఏమీ లేదు, నానా చేసిందీ వ్యవసాయ పుస్తకాలు చెప్పేదీ కలిపి చెబుతున్నాను.

ముందు మట్టి, బోరు నీళ్ళు రెండూ పరీక్షకి ఇవ్వండి. ఉదజని సూచిక, ఉప్పు, సేంద్రియ కర్బనం, ఈ మూడూ తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. తర్వాత పాత ఎర్రమట్టి పొరని పార్రోయకండి. పెళ్ళగించి, గడ్డలు చితక్కొట్టి, కింది ఇసుకతో ఆరంగుళాల లోతున బాగా కలిపెయ్యండి. పొరగా ఉంటే దుష్మన్, కలిసిపోతే అదే దోస్త్. దానిలోనే రెండంగుళాల మందాన బాగా మాగిన పశువుల ఎరువో, మేకల ఎరువో, వర్మీ కంపోస్టో కలపండి. 100 చదరపు అడుగులకి 17 ఘనపుటడుగులు పడుతుంది. 400 అడుగులకి ఒక ట్రాక్టరు లోడు సరిపోతుంది. పచ్చి పేడ వద్దు, వేళ్ళని కాలుస్తుంది. కొబ్బరి పొట్టు, చివికిన వేరుశనగ పొట్టు దొరికితే కలుపుకోండి.

ఎర్రమట్టి పొయ్యని ఇళ్ళవాళ్ళు మంచినీటి చెరువు ఒండ్రు ఒక అంగుళం కలుపుకోవచ్చు. ఇక్కడొక ఖబర్దార్: చెరువు మట్టి పేరుతో రొయ్యల చెరువుల పూడిక తెచ్చి అమ్ముతారు. అందులో ఉప్పుంటుంది. అది పోశారా, ఇసుక ఒక్కటే ఉన్నప్పటికన్నా అధ్వానం. కొనేముందు ఆ మట్టిని కూడా పరీక్షకి పంపండి.

తొలకరి పడగానే ఆ జాగాలో జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లండి. ఆరు వారాలకి పూతకొచ్చాక అక్కడే తొక్కి ఇసుకలో కలిపెయ్యండి. రెండు వారాలు కుళ్ళనివ్వండి. అప్పుడు గరిక పిలకలు నాటండి. అవును, గరికే. కలుపుమొక్క అని నవ్వకండి. హిందూ దోస్తులు వినాయకచవితికి వెతికి వెతికి తెచ్చుకునే దూర్వ అదే. దేశాల్లో ఫుట్‌బాల్ మైదానాలకి వాడే బెర్ముడా గడ్డి కూడా అదే జాతి. ఉప్పుని ఓర్చుకునే గడ్డుల్లో అది ముందు వరసలో ఉంటుంది. మట్టిలో ఉప్పు 6.9 డెసీసైమన్ల దాకా పోయినా దాని పెరుగుదల తగ్గదని లెక్క. మన దగ్గర అసలు వాన అక్టోబరు, నవంబరులో కదా. సెప్టెంబరులో నాటితే ఆ వానలకే వేరు దిగిపోతుంది, బోరు అవసరం సగానికి సగం తగ్గుతుంది.

తర్వాత మరీ పొట్టిగా కోయకండి. రెండంగుళాలు ఉంచండి, కోసిన ముక్కల్ని అక్కడే వదిలెయ్యండి. అదీ తిండే. రసాయన ఎరువు వెయ్యాల్సి వస్తే చిటికెలతో, చాలాసార్లుగా. కంపోస్టు మాత్రం ఏటా అర అంగుళం చల్లాలి. మన వేడికి, మన ఇసుకలో సేంద్రియం తొందరగా కరిగిపోతుంది. ఒకసారి పెట్టి మర్చిపోయే పని కాదిది. రోజూ వండుకుంటాం కదా, అలాగే. ఇక్కడే జనానికి సబర్ ఉండదు. లారీ మట్టి సాయంత్రానికి పచ్చగా కనిపిస్తుంది, కంపోస్టుకి రెండేళ్ళు పడుతుంది. కాంట్రాక్టరు అమ్మేది గడ్డి కాదు, మన బేసబ్రీని మనకే అమ్ముతున్నాడు.

ఆ రోజు దావత్ అయ్యాక బయటికొచ్చి చూస్తే, మట్టి మోసిన కూలీల్లో ఒక పెద్దాయన తట్ట బోర్లించి నీడన కూర్చున్నాడు. ఏ ఊరని అడిగాను. బాపట్ల అవతల ఇసుకపల్లె. చిన్నప్పుడు దొరువు తోట చేశాడట. "ఈ మట్టి నిలవదు బాబూ. ఎరువు తోలించమని చెప్పాలనుంది, మనల్నెవరడుగుతారు?" అన్నాడు.

దుల్హాభాయ్, మూడేళ్ళలో మీరు నాలుగు లారీలు, రెండుసార్లు గడ్డి, ఒక బోరు, జిప్సం బస్తాలు కొన్నారు. ఇంటి ముందు మట్టి మోస్తున్న ఆ మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు. రేపు పొద్దున ఆయన మళ్ళీ పనికొస్తాడు. లారీని వెనక్కి పంపండి, కూలి మాత్రం పూర్తిగా ఇవ్వండి. ఒక చాయ్ ఇచ్చి, ఈ నేలకి ఏం తిండి పెట్టాలో ఆయన్ని అడగండి. జులైలో జనుము గింజలు పట్టుకుని నేనొస్తాను.

ఖుదా హాఫిజ్.